ఐటీ ఉద్యోగుల వ్యక్తిత్వ రకాలు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ, చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పండక్కి ఇంటికొచ్చేవాళ్లకీ, ఊళ్లోనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నవాళ్లకీ ఉద్దేశించిన పేజీ ఇది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న చూసుకుంటే చాలు. మొదటిది మాత్రం దాటెయ్యొద్దు.

మావాడు నలుగురిలో నోరు విప్పడు. సాఫ్ట్‌వేర్‌కి పనికొస్తాడా?

పనికొస్తాడు. అయితే ఎందుకు నోరు విప్పడం లేదో ముందు తేల్చుకోవాలి. మన రెండు జిల్లాల్లో ఇంట్రోవర్ట్ (అంతర్ముఖుడు) అని పేరు పడ్డ పిల్లల్లో చాలామంది అసలు ఇంట్రోవర్టులే కారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, బీటెక్‌కి రాగానే అన్నీ ఇంగ్లీషులో. తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారన్న భయంతో నోరు కట్టేసుకుంటారు. దానికి వ్యక్తిత్వం అని పేరు పెడితే, నేర్చుకుంటే పోయే లోటుని పుట్టుకతో వచ్చిన గుణంగా ముద్ర వేసినట్టే.

వారం రోజులు మూడు సందర్భాల్లో గమనించండి. తెలిసినవాళ్లతో తెలుగులో ఎలా మాట్లాడుతున్నాడు? కొత్తవాళ్లతో తెలుగులో? తెలిసినవాళ్లతోనే ఇంగ్లీషులో? మూడోదాంట్లో మాత్రమే నోరు పడిపోతే అది భాష సమస్య. కొత్తవాళ్ల దగ్గర తెలుగులో కూడా గొంతు ఆరిపోయి, చేతులు చెమటలు పట్టి, ఆ మనిషి వెళ్లాక 'ఇలా అనుంటే బాగుండేది' అని గంటసేపు మథనపడితే బిడియం. ఎవరితోనైనా బాగానే మాట్లాడి, రెండు గంటలయ్యాక చాలనిపించి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే అదీ అసలైన అంతర్ముఖత.

మూడింటికీ మందు వేరు. భాష అయితే రోజుకి పది నిమిషాలు, తను రాసిన ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఇంగ్లీషులో చెప్పి ఫోన్లో రికార్డు చేసుకోవాలి. తర్వాత విని, ఎక్కడ ఆగాడో రాసుకోవాలి. ఆగేది టెక్నికల్ మాటల దగ్గర కాదు. 'దాని బదులు', 'ఒకవేళ అలా జరక్కపోతే', 'అంతకు ముందు' లాంటి కలిపే మాటల దగ్గర. అవి పట్టుబడితే తక్కినదంతా దానంతటదే కదులుతుంది. బిడియం అయితే మెట్లు వేసుకోవాలి: ముందు ల్యాబ్‌లో పక్కవాడికి వివరించడం, తర్వాత నలుగురికి, ఆ తర్వాత క్లాసుకి. అంతర్ముఖతకి మందే అక్కర్లేదు. ఇంటర్వ్యూకి ముందు అరగంట ఎవరూ కదిలించకుండా వదిలేస్తే చాలు. ఆ అరగంటలోనే ఫోన్ చేసి 'ఏరా, అయిందా?' అని అడిగే చుట్టాలని ఇంట్లోవాళ్లే ఆపాలి.

ప్రోగ్రామర్లకి మనుషులంటే గిట్టదన్న మాట ఎక్కడ పుట్టింది?

అమెరికాలో. 1950ల్లో కంప్యూటర్లు పెరిగాయి కానీ వాటికి పనిచెప్పేవాళ్లు దొరకలేదు. ఐబీఎం 1955లోనే ప్రోగ్రామర్లని ఏరడానికి ఒక ఆప్టిట్యూడ్ పరీక్ష తయారుచేసింది. 1966లో విలియం కానన్, డాలిస్ పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1,378 మంది ప్రోగ్రామర్ల ఇష్టాయిష్టాలు పరిశీలించి రెండు విషయాలు చెప్పారు: వీళ్లకి పజిల్స్ అంటే ప్రాణం, మనుషులతో దగ్గరగా మెలగాల్సిన పనులు నచ్చవు. ఆ 1,378 మందిలో మహిళలు 186 మందే.

ఆ పోలిక చూసి కంపెనీలు అలాంటివాళ్లనే తీసుకున్నాయి. తర్వాత లెక్క చూసినవాళ్లకి మళ్లీ అలాంటివాళ్లే కనబడ్డారు. ఏరి పెట్టుకున్న గింజల్నే చూసి పంటంతా ఇదేననుకోవడం లాంటి పొరపాటు అది. ఇవాళ్టి ఉద్యోగంలో క్లయింటుతో కాల్స్, కోడ్ రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి తప్పులు చెప్పడం), టెస్టింగ్ వాళ్లతో వాదనలు కలిపితే రోజులో పెద్ద భాగం మాటలకే పోతుంది.

ఐఎన్‌టీజే, ఐఎస్‌టీజే అని ప్రొఫైల్‌లో పెట్టుకుంటారు. ఆ నాలుగక్షరాలు ఏంటి?

అది ఎంబీటీఐ అనే పద్ధతి. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో ప్రతిపాదించిన ఆలోచనల మీద కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ కట్టుకుంటూ వచ్చారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు కాదు. నాలుగు జంటలుంటాయి. ఉత్సాహం నలుగురిలో వస్తుందా, ఒంటరిగా ఉంటే వస్తుందా (ఈ, ఐ). కళ్లముందున్న వివరాల్ని నమ్ముతారా, వాటి వెనక ఉన్న తీరునా (ఎస్, ఎన్). నిర్ణయంలో తర్కానిది పైచేయా, మనుషుల మనసుదా (టీ, ఎఫ్). ముందే ఖరారు చేసుకోవడం ఇష్టమా, చివరిదాకా తెరిచి ఉంచడమా (జే, పీ). ఒక్కోదాంట్లో ఒక్క అక్షరం తీసుకుంటే మొత్తం 16 రకాలు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద లూయిస్ కాప్రెట్జ్ 2003లో ప్రచురించిన పరిశీలనలో అన్నిటికంటే ఎక్కువగా కనబడింది ఐఎస్‌టీజే. అదీ దాదాపు నాలుగోవంతు మందే. అంటే తక్కిన ముప్పాతికమంది వేరే అక్షరాలతోనే ఆ ఉద్యోగం చేసుకుంటున్నారు.

ఇంకోటి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే 16 పర్సనాలిటీస్ పరీక్ష అసలు ఎంబీటీఐ కాదు. చివర్లో ఏ అనో టీ అనో ఐదో అక్షరం వస్తే అది ఆ సైటు సొంతంగా చేర్చుకున్నది.

మొదటిసారి ఐ వచ్చింది, రెండు నెలల తర్వాత ఈ వచ్చింది. నేను మారానా, పరీక్ష తప్పా?

రెండూ కాకపోవచ్చు. తప్పు గీత గీసిన చోట ఉంది. 93 ప్రశ్నల ఎంబీటీఐలో ఈ, ఐ జంటకి 21 ప్రశ్నలు. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో ప్రశ్నకి ఒక్క ఓటు అనుకుందాం. 11 ఈ వైపు, 10 ఐ వైపు పడితే మీకు ఈ వస్తుంది. మర్నాడు ఒక్క జవాబు మారితే ఐ. 20 ఓట్లతో ఐ వచ్చినవాడికీ, 11 ఓట్లతో ఐ వచ్చినవాడికీ ఒకటే అక్షరం. 11 వచ్చినవాడికి దగ్గరి మనిషి నిజానికి అవతలి గట్టున 10తో ఉన్నవాడు.

మనుషుల్లో ఎక్కువమంది మధ్యలో ఉంటారు, కొసల్లో కొద్దిమందే. సరిగ్గా జనం కిక్కిరిసిన చోట గీత గీస్తే ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు దూకుతూనే ఉంటారు. ఐదు వారాల తేడాతో మళ్లీ రాస్తే సగం మంది దాకా ఒక్క అక్షరమైనా మారుతుందని ఈ పరీక్షని విమర్శించేవాళ్లు ఎత్తిచూపేది దీన్నే. కాబట్టి అక్షరం కాదు, దాని పక్కన ఇచ్చిన శాతం చూడండి. 45కీ 55కీ మధ్య ఉంటే ఆ జంటలో మీకు ఏ అక్షరమూ లేదనుకోండి.

చదివితే అచ్చం నా గురించే రాసినట్టుంది. అది నిజం కాకపోతే ఎలా కుదిరింది?

1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వచ్చింది. తర్వాత తెలిసిందేంటంటే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. 'మీలో వాడుకోని శక్తి చాలా ఉంది', 'పైకి ధైర్యంగా ఉన్నా లోపల సందేహాలున్నాయి' అంటే కాదనేవాళ్లు ఎవరు?

పరీక్షించుకోడానికి ఒక దారి ఉంది. మీ ఫలితంతో పాటు ఇంకో రెండు రకాల వర్ణనలు తీసుకుని, పేర్లు కొట్టేసి, మీతో రెండేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడికి ఇవ్వండి. ఏది మీదో అతను చెప్పలేకపోతే ఆ వర్ణనతో మీకు పని లేదు.

మరి దేన్ని నమ్మాలి?

పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల నమూనా, బిగ్ ఫైవ్ అంటారు. ఇందులో రకాలుండవు, ఒక్కో గుణంలో మీరు ఎక్కడున్నారో చెప్పే కొలత ఉంటుంది. ఆఫీసులో అవి ఇలా కనబడతాయి.

కొత్తదనం మీద ఆసక్తి ఎక్కువున్నవాళ్లు కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే ఆదివారం కూడా తవ్వుతారు. పదేళ్ల నాటి కోడ్‌ని జాగ్రత్తగా నడపమంటే విసుక్కుంటారు. పనిలో క్రమం ఎక్కువున్నవాళ్లు చెప్పిన రోజుకి ఇస్తారు, టెస్టులు రాస్తారు, టైమ్‌షీట్ శుక్రవారమే నింపుతారు. కాకపోతే సగం తయారైన పనిని చూపించమంటే చూపించరు, అందువల్ల తప్పు దారిలో చాలాదూరం వెళ్లాక కానీ బయటపడదు. బహిర్ముఖత అంటే అంతర్ముఖతకి అవతలి కొస, దాని సంగతి పైన చెప్పుకున్నాం. సర్దుకుపోయే గుణం ఎక్కువైతే టీమ్‌లో గొడవలుండవు. కానీ మూడు రోజుల్లో కాని పనిని మూడు రోజుల్లో అడిగితే సరేనని తలూపేస్తారు, నష్టం నాలుగో రోజు తెలుస్తుంది. మన వైపు పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని పెంచుతారు కాబట్టి ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఐదోది ఆందోళన పాలు. అది ఎక్కువున్నవాళ్లు సర్వర్ పడిపోతే వణికిపోతారు, పడకముందే పడేలా ఉందని కనిపెట్టేదీ వాళ్లే.

ఉద్యోగంలో రాణించడానికీ ఈ గుణాలకీ ఉన్న సంబంధాన్ని ముర్రే బారిక్, మైఖేల్ మౌంట్ 1991లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చింది ఒక్కటే, పనిలో క్రమం. దాని సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) కూడా 0.2 చుట్టుపక్కలే. వర్గం చేసి చూస్తే 0.04. అంటే మనిషికీ మనిషికీ పనితీరులో ఉన్న తేడాలో నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే ఈ గుణంతో ముడిపడి ఉంది. జాతకం కంటే మేలు, అదే తలరాత అనుకునేంత కాదు.

డబ్బు కట్టకుండా ఇంట్లోనే ఎలా కొలుచుకోవాలి?

ఈ ఐదు గుణాల్నీ కొలిచే మినీ ఐపిప్ అనే 20 వాక్యాల ప్రశ్నాపత్రం అందరికీ ఉచితం. గుణానికి నాలుగు వాక్యాలు. ఒక్కోదానికి 1 (అస్సలు కాదు) నుంచి 5 (పూర్తిగా అవును) దాకా మార్కు వేస్తారు. పది నిమిషాల పని. జనం తప్పు చేసేది చివర్లో మార్కులు కలిపేటప్పుడు.

20 వాక్యాల్లో 11 తిరగేసి అడిగినవి. ప్రతిదానికీ అవును అంటూ పోయేవాళ్లని పట్టుకోడానికి అలా పెడతారు. తిరగేసిన వాక్యానికి మీ మార్కుని 6లోంచి తీసెయ్యాలి. బహిర్ముఖత చూద్దాం. 'వేడుకల్లో సందడంతా నాదే' అన్నదానికి 2, 'చాలామందితో కలిసి మాట్లాడతాను' అన్నదానికి 4 వేశారు. 'ఎక్కువ మాట్లాడను' తిరగేసింది, 3 వేశారు, 6లోంచి తీస్తే 3. 'వెనకే ఉండిపోతాను' కూడా తిరగేసిందే, 4 వేశారు, తీస్తే 2. మొత్తం 2, 4, 3, 2 కలిపితే 11. కొలత 4 నుంచి 20 దాకా, నడిమి 12. అంటే మీరు నడిమికి కాస్త ఇవతల ఉన్నారు. తీసెయ్యడం మర్చిపోతే 13 వచ్చి గీతకి అవతల కనబడతారు.

నాలుగే వాక్యాలు కాబట్టి రెండు మార్కుల తేడాని తేడాగా లెక్కపెట్టకండి. మూడు వారాలాగి మళ్లీ రాసి, రెంటి సగటు తీసుకోండి. ఇంకా వివరంగా కావాలంటే ఇదే కుటుంబంలో 120 వాక్యాలది ఉంది, అదీ ఉచితమే. పరీక్షలు, బ్యాక్‌లాగులు, ఇంట్లో పెళ్లి ఉన్న వారంలో మాత్రం రాయొద్దు.

ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. దానివల్ల ఫలితం తప్పుతుందా?

బాగా తప్పుతుంది. పై ఇరవైలో 'సెల్డమ్ ఫీల్ బ్లూ' అని ఒక వాక్యం ఉంది. ఎప్పుడో కానీ దిగులుపడను అని దాని భావం. సెల్డమ్ అంటే తరచుగా అనుకున్న కుర్రాడు, తను ప్రశాంతంగా ఉండేవాడే అయినా, 1 వేస్తాడు. అది తిరగేసిన వాక్యం కాబట్టి 5 అవుతుంది. సరిగ్గా అర్థమై ఉంటే 5 వేసేవాడు, అది 1 అయ్యేది. ఒక్క మాట తెలియక నాలుగు మార్కులు తారుమారై, నిదానస్తుడు ఆందోళనపరుడిగా తేలాడు. 'ఆసక్తి లేదు' అన్న వాక్యానికి 'కాదు' అని జవాబివ్వాల్సి వచ్చినప్పుడూ ఇలాగే తికమకపడతారు.

రాయబోయే ముందు ప్రతి వాక్యాన్నీ తెలుగులో పైకి చెప్పుకోండి. చెప్పలేకపోతే అడిగి తెలుసుకోండి. వేడుకల గురించిన వాక్యాల్లో ఇంగ్లీషులో ఉండే పార్టీ అన్న మాట దగ్గర ఇంకో చిక్కుంది. మన పెళ్లిళ్లలో ప్రతి ఒక్కర్నీ పలకరించడం మర్యాద, పలకరించకపోతే మాటొస్తుంది. అక్కడ అందరితో మాట్లాడినంతమాత్రాన బహిర్ముఖులు కారు. పెళ్లి బదులు హాస్టల్‌నో కాలేజీ టూర్‌నో మనసులో పెట్టుకుని మార్కు వెయ్యండి.

ఏ గుణానికి ఏ పని? టెస్టింగా, డెవలప్‌మెంటా, సపోర్టా?

గుణాన్ని బట్టి కోర్సు ఎంచుకోవద్దు. గుణాన్ని బట్టి ఏ పనిలో ఏది కష్టమవుతుందో ముందే తెలుసుకోండి.

ప్రొడక్షన్ సపోర్ట్ (జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా చూసుకునే పని) మీద గుణాల ప్రభావం ఎక్కువ. అది రాత్రి రొయ్యల చెరువు కాపలా లాంటి ఉద్యోగం. ఏరేటర్ ఆగితే ముందు జనరేటర్ వేసి, తర్వాత ఎందుకాగిందో చూసేవాడు కావాలి. కారణం తెలిసేదాకా చెయ్యి పెట్టనివాడు, ఎంత తెలివైనవాడైనా, అక్కడ నష్టం చేస్తాడు. ఆందోళన పాలు ఎక్కువున్నవాళ్లు సపోర్ట్‌లో పడితే రన్‌బుక్ (ఏదైనా ఆగితే ఏం చెయ్యాలో రాసిన కాగితం) అడిగి తీసుకోవాలి. లేకపోతే రాయాలి: ఏ అలర్ట్ వస్తే మొదట ఏ కమాండ్, పదిహేను నిమిషాల్లో లేవకపోతే ఎవరికి ఫోన్, ఏ పని ఎవరి అనుమతి లేకుండా చెయ్యకూడదు. కాగితం మీద అడుగులుంటే వణుకు సగం తగ్గుతుంది.

టెస్టింగ్‌లో సర్దుకుపోయే గుణం అడ్డొస్తుంది, ఎందుకంటే 'నీ పని తప్పు' అని రోజూ ఎవరికో ఒకరికి చెప్పాలి. బిజినెస్ అనలిస్ట్ (క్లయింటుకి ఏం కావాలో తెలుసుకుని టీమ్‌కి చెప్పే మనిషి) పని మాటకారులదే అనుకుంటారు. వినేవాళ్లూ, విన్నది అదే రోజు రాసి పంపేవాళ్లూ అందులో ఎక్కువకాలం నిలబడతారు. డెవలప్‌మెంట్‌లో అన్ని రకాలవాళ్లూ ఉంటారు.

క్యాంపస్ పరీక్షలో వ్యక్తిత్వ ప్రశ్నలొస్తే ఏం రాయాలి?

అన్నిటికీ 5 వెయ్యొద్దు. చాలా పరీక్షల్లో ఒకే విషయాన్ని మాట మార్చి రెండు మూడు చోట్ల అడుగుతారు. 'నాకెప్పుడూ కోపం రాదు' లాంటి, ఎవరికీ నిజం కాని వాక్యాలు కూడా కలుపుతారు. అలాంటివాటికి పూర్తిగా అవును అంటే మీ జవాబులన్నిటి మీదా అనుమానం పడుతుంది. కొన్నిట్లో రెండు మంచి వాక్యాలిచ్చి ఒకటే ఎంచుకోమంటారు. అక్కడ నటనకి చోటే తక్కువ.

ఇంట్లో ఎలా ఉంటారో కాదు, ప్రాజెక్టు చేసేటప్పుడు ఎలా ఉన్నారో తలుచుకుని రాయండి. ఒక్కో వాక్యం దగ్గర పది సెకన్లకి మించి ఆగొద్దు. సీనియర్లు పంచే 'సరైన జవాబుల' జాబితాలు మాత్రం ముట్టుకోకండి. క్లాసంతా ఒకేలా రాస్తే అవతల ఇట్టే కనబడుతుంది.

రోజూ టీమంతా వంతులవారీగా పని సంగతి చెప్పే స్టాండప్ మీటింగ్‌లో నా వంతు రాగానే మాట తడబడుతోంది.

ముందురోజు సాయంత్రం లాగ్ఔట్ అయ్యే ముందే మూడు వాక్యాలు రాసుకోండి: ఏది పూర్తయింది, రేపు ఏది, ఎక్కడ ఆగింది. పొద్దున రాసుకుందామంటే కుదరదు, అప్పటికి నిన్నటిది సగం మర్చిపోతారు. మొదటి ఇద్దరిలో ఒకరిగా మాట్లాడండి. వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గుండె దడే పెరుగుతుంది, పైగా అవతలివాళ్లు చెప్పేది చెవికెక్కదు.

టీమ్ లీడ్‌లకి ఒక మాట. నిశ్శబ్దంగా ఉండేవాళ్ల అభిప్రాయం కావాలంటే మీటింగ్‌లో పేరు పెట్టి ఉన్నట్టుండి అడగొద్దు. ఎజెండా ఒకరోజు ముందు పంపి, ఎవరి అభిప్రాయం వాళ్లని ముందే రాసి పెట్టమనండి. పనెంతవరకు వచ్చిందో అడిగేటప్పుడు 'అయిపోతుందా?' అంటే 'అయిపోతుందండీ' అనే వస్తుంది. 'ఇంకా ఏమేం మిగిలాయి, అందులో ఏది మీ చేతిలో లేదు?' అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

కోడ్ రివ్యూలో పదే పదే గొడవలవుతున్నాయి. వ్యక్తిత్వాల తేడా అంటున్నారు.

కొంత అదే, ఎక్కువ భాగం రాసే తీరు. 'ఇది తప్పు, మార్చు' అని రాసినవాడికి అది సమాచారం, చదివినవాడికి చెంపదెబ్బ. అదే విషయాన్ని 'ఇక్కడ లిస్ట్ ఖాళీగా వస్తే 42వ లైన్ దగ్గర ఏమవుతుంది?' అని రాయండి. తప్పు అదే, వేలు మాత్రం మనిషి వైపు కాకుండా లైన్ వైపు చూపిస్తోంది.

రెండు నియమాలు పెట్టుకుంటే చాలావరకు సద్దుమణుగుతాయి. మొదటిది, ప్రతి కామెంట్ ముందూ 'తప్పనిసరి', 'సలహా', 'సందేహం' అన్న మూడిట్లో ఒకటి రాయాలి. సర్దుకుపోయేవాళ్లు సలహాని కూడా ఆజ్ఞ అనుకుని సగంరోజు మార్చుకుంటూ కూర్చుంటారు, మొండివాళ్లు తప్పనిసరిని కూడా సలహా కింద తీసిపారేస్తారు. ఇద్దరికీ ఇదే మందు. రెండోది, ఒకే విషయం మీద రాతలో మూడోసారి జవాబివ్వాల్సి వస్తే రాయడం ఆపి ఫోన్ చెయ్యాలి, తేలింది ఒక్క వాక్యంలో అక్కడ పెట్టాలి. ఖాళీ స్థలాలూ బ్రాకెట్ల గురించి మనుషులు కొట్టుకోవడం శుద్ధ దండగ. ఆ పని ఫార్మాటర్‌కి (కోడ్‌ని తనంతట తానే సర్దే ప్రోగ్రామ్‌కి) అప్పజెప్పండి.

నెల్లూరులో ఇంటి నుంచే పని చేస్తున్నాను. మొదట హాయిగా ఉండేది, ఇప్పుడు బుర్ర పనిచెయ్యడం లేదు.

బహిర్ముఖులకి ఇది రెండు మూడు నెలల్లో తగులుతుంది. మాట్లాడే మనుషులు లేక ఊపు తగ్గుతుంది, దాన్ని బద్ధకం అనుకుని తమని తామే తిట్టుకుంటారు. వారానికి రెండుసార్లైనా ఒక సహోద్యోగితో స్క్రీన్ పంచుకుని గంటసేపు కలిసి కోడ్ రాయండి. అంతర్ముఖులకి వచ్చే నష్టం వేరు. వాళ్లకి హాయిగానే ఉంటుంది, కానీ అవతల ఎవరికీ కనబడరు, అప్రైజల్ నాటికి వాళ్లేం చేశారో మేనేజర్‌కి గుర్తుండదు. ప్రతి శుక్రవారం ఐదు లైన్లు పంపండి: ఏం చేశారు, దానివల్ల ఏం మారింది.

ఇద్దరికీ ఉన్న బాధ ఇంట్లోవాళ్లది. 'ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త బ్యాంకుకి పోయిరా' అనే మాట రోజుకి నాలుగుసార్లు వస్తుంది. రోజంతా కదిలించొద్దంటే ఎవరూ వినరు. పొద్దున మూడు గంటలు మాత్రం తలుపు మూసుకుంటానని, తక్కిన టైములో పిలిస్తే వస్తానని చెప్పండి, ఆ ఒప్పందం నిలబడుతుంది. వారానికోసారి చెన్నై ఆఫీసుకి వెళ్లేవాళ్లు, దాదాపు 175 కిలోమీటర్లు పోయి అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోడ్ రాయొద్దు. ఆ రోజు మీటింగులకీ, భోజనాల దగ్గర కబుర్లకీ ఉంచండి.

మాది పన్నెండుమంది ఉన్న కంపెనీ. వ్యక్తిత్వ పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోవచ్చా?

ఎంబీటీఐతో అయితే వద్దు. ఉద్యోగాలకి ఎంపిక చెయ్యడానికి వాడొద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతోంది. పాల్ సాకెట్ బృందం 2022లో ఎంపిక పద్ధతులన్నిటినీ మళ్లీ లెక్కగట్టినప్పుడు ముందు నిలిచింది ఒక పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ. దానికి ఖర్చు లేదు, క్రమశిక్షణ కావాలి.

ఐదు ప్రశ్నలు ముందే రాసుకోండి, అందరినీ అవే, అదే వరసలో అడగండి. ప్రతి ప్రశ్నకీ 1, 3, 5 మార్కులకి ఎలాంటి జవాబు రావాలో కూడా రాయండి. ఉదాహరణకి 'మీరు రాసినదానివల్ల ఏదైనా ఆగిపోయిన సందర్భం చెప్పండి' అన్న ప్రశ్న. తప్పు ఇంకెవరిదో అని చెబితే 1. ఎలా సరిచేశారో చెబితే 3. ఎలా తెలిసింది, ఎవరికి ముందు చెప్పారు, మళ్లీ జరక్కుండా ఏం పెట్టారు అన్నవి కూడా చెబితే 5. ఇద్దరు కూర్చుని విడివిడిగా మార్కులు వెయ్యండి, వేసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు. మాట్లాడుకుంటే రెండో మనిషి ఉన్నా లేనట్టే. తర్వాత గంటన్నర పని ఇవ్వండి: మీ పాత ప్రాజెక్టులోంచి చిన్న ముక్క, అందులో మూడు తప్పులు. జవాబులు తెలుగులో చెప్పినా మార్కు తగ్గించొద్దు. క్లయింటుతో ఇంగ్లీషు అవసరమైతే దాన్ని విడిగా పరీక్షించండి.

'మన ఊరి పిల్లోడే' అన్న సిఫార్సు వస్తే కాదనక్కర్లేదు. అవే ఐదు ప్రశ్నలు, అదే గంటన్నర.

ఆఫీసులో డిస్క్ (DISC) అనే వ్యక్తిత్వ పరీక్ష మీద శిక్షణ పెట్టి ఎరుపు, పసుపు అని రంగులిచ్చారు. దాన్ని పట్టించుకోవాలా?

సరదాకి సరే. దాని మూలం విలియం మార్‌స్టన్ 1928లో రాసిన సిద్ధాంతం, పరీక్షగా మలిచింది తర్వాతివాళ్లు. వండర్ ఉమన్ అనే కామిక్ పాత్రని సృష్టించింది కూడా ఈ మార్‌స్టనే. 'నేను ఎరుపు కాబట్టి కోపం వస్తుంది' అని ఎవరైనా సాకు చెప్పడం మొదలెడితే ఆ రంగుల కాగితం చింపెయ్యండి.

వయసుతో గుణం మారుతుందా?

నెమ్మదిగా మారుతుంది. ఇరవైల నుంచి నలభైల దాకా సగటున పనిలో క్రమం పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది. మీకన్నా పదేళ్లు పెద్దవాడైన లీడ్ నిబ్బరం చూసి మీలో ఏదో లోపం ఉందనుకోవద్దు. ఆయన మీ వయసులో ఎలా ఉండేవాడో మీరు చూడలేదు కదా.

ఆందోళన మార్కు బాగా ఎక్కువొచ్చింది. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

మార్కు చూసి కాదు, రోజులు చూసి నిర్ణయించుకోండి. వ్యక్తిత్వ పరీక్ష జబ్బుని కనిపెట్టదు. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, ఆదివారం సాయంత్రమే కడుపులో తిప్పడం ఉంటే అది స్వభావం కాదు, చూపించుకోవాలి. పని ఒత్తిడితో వచ్చే బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా తన వర్గీకరణలో చేర్చింది, వ్యక్తి గుణంగా కాదు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, అప్పటికప్పుడే చెయ్యండి.

టీమ్‌లో అందరి ఫలితాలూ బోర్డు మీద పెడతామంటున్నారు. వద్దనొచ్చా?

వద్దనొచ్చు. అవి మీ వ్యక్తిగత వివరాలు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది. గొడవ లేకుండా తప్పుకోవాలంటే ఫలితం బదులు పని తీరు గురించి మూడు లైన్లు రాసిమ్మని మీరే ప్రతిపాదించండి: 'పదకొండు లోపు కాల్స్ పెట్టకపోతే నాకు పని బాగా సాగుతుంది. అర్జెంటైతే మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యండి. నా కోడ్‌లో తప్పుంటే నేరుగా చెప్పండి, నొచ్చుకోను.' మీతో కలిసి పనిచేసేవాళ్లకి నాలుగక్షరాల కంటే ఈ మూడు లైన్లే ఉపయోగం.